సీతాబాయి జామ పావ్‌లు

సోలాపూర్ బీడీ కార్మికుల కాలనీ విడీ ఘర్కుల్‌లో బూర సీతాబాయి చేతి దెబ్బలు తిన్న మగవాడు ఒక్కడే. అతను ఆమె కొడుకు మంగేశ్. ఆమె ఎవరెవరి దెబ్బలు తిన్నదో చెప్పాలంటే కొంచెం వెనక్కి పోవాలి.

ఆమె పుట్టింది అదే ఊళ్లో, జోడ్‌భావి పేట్‌లో. కరీంనగర్ వైపు నుంచి తాత మిల్లు పనికి వచ్చి అక్కడే ఉండిపోయాడు. ఎనిమిదో ఏట తల్లి పక్కన చాట ముందు కూర్చుని బీడీల తునికాకు కత్తిరించడం నేర్చుకుంది. ఆకు వంకరగా తెగితే తండ్రి వేళ్ల మీద కొట్టేవాడు. పదిహేడో ఏట మల్లేశంతో పెళ్లయింది. మల్లేశం అశోక్ చౌక్ వెనక ఒక కార్ఖానాలో సాంచెల మీద, అంటే కరెంటు మగ్గాల మీద, టవళ్లు నేసేవాడు. పనిలో మంచి పేరున్న మనిషి. తాగకపోయినా కొట్టేవాడు. తాగితే ఎక్కువసేపు కొట్టేవాడు.

పెళ్లయిన నాలుగో ఏట ఒక మధ్యాహ్నం ఆమె అన్నం గిన్నె తీసుకుని కార్ఖానాకు వెళ్లింది. సాంచెల చప్పుడులో మొగుడు ఏమన్నాడో వినపడలేదు. “ఆఁ?” అంది. అతను చేతిలో ఉన్న నాడెతో మూతి మీద కొట్టాడు. నాడె అంటే రెండు కొనలకూ ఇనుప మొనలున్న కొయ్య. ముందు పళ్లు రెండు ఊడి, నేస్తున్న టవలు మీద పడ్డాయి. సేటు పరుగెత్తుకొచ్చి మల్లేశాన్ని తిట్టాడు. బట్ట మీద నెత్తురు మరక పడినందుకు తిట్టాడు.

మంగేశ్ ఒక్కడే కొడుకు. తండ్రి చెయ్యి లేచినప్పుడల్లా మంచం కిందికి దూరి, మోకాళ్లు గడ్డానికి ఆనించుకుని, చెవులు మూసుకునేవాడు. పన్నెండేళ్లు వచ్చాక ఒకసారి బయటికి వచ్చి తండ్రి చెయ్యి పట్టుకున్నాడు. మల్లేశం వాడిని గోడకేసి కొట్టాడు. ఆ తర్వాత మంగేశ్ మంచం కిందికీ పోలేదు, చెయ్యీ పట్టుకోలేదు. గడపలో నిలబడి చూసేవాడు. పదహారేళ్లకు తల్లితో తండ్రి గొంతుతోనే మాట్లాడటం మొదలుపెట్టాడు. “నీళ్లు తే. చెవులు వినపడ్తలేవా?”

మల్లేశం కాలేయం చెడి చనిపోయాడు. సీతాబాయి ఏడ్చింది. ఎందుకు ఏడ్చావని నేనొకసారి అడిగాను. మాది రెండు గల్లీల అవతలే, ఆమెకు నా దగ్గర చనువు. “ఏమో. అలవాటయిన మనిషి పాయె,” అంది.

కోడలు ఆరతి భివండీ పిల్ల. వాళ్ల నాన్న కూడా మొదట సాంచెల పనే చేసేవాడు. కార్ఖానా మూతపడితే ఒక బేకరీలో భట్టీ దగ్గర కుదిరాడు. ఆరతి పదేళ్ల వయసు నుంచి అతనికి సద్ది పట్టుకుపోయి, ఆ వేడిలో కూర్చుని, పిండి ఎలా పొంగుతుందో చూస్తూ పెరిగింది. పెళ్లయిన మూడో నెలలో మంగేశ్ ఆమెను మొదటిసారి కొట్టాడు. చొక్కాకు గుండీ లేదని.

ఇక్కడ సీతాబాయి గురించి ఒక మాట దాచకుండా చెప్పాలి. ఆమే దాచలేదు. మంగేశ్ లోపలి గదిలో ఆరతిని కొడుతుంటే ఆమె బయటి గదిలో చాట ముందు కూర్చుని టీవీ సౌండు పెంచేది. గల్లీలో వాళ్లకు వినపడకూడదని కొంత, తనకు వినపడకూడదని కొంత. తర్వాత పసుపు నూరి తెచ్చి కోడలి మొహానికి పట్టించేది. “మగోని కోపం గాలివాన లెక్క బిడ్డా. వస్తది, పోతది. తలుపు పట్టుకొని నిలవడాలె,” అనేది.

ఆరతి ఒకసారి అడిగింది. “పోయేదాంక మనం ఉంటమా అత్తా?”

సీతాబాయి లేచింది. పసుపు గిన్నె కడుక్కుంది.

కొన్నాళ్లకు బీడీల కంపెనీ బ్రాంచిలో ఆకు ఇవ్వడం తగ్గించారు. వారానికి ఆరు రోజుల పని మూడు రోజులకు వచ్చింది. ఇంట్లో చేతులు ఖాళీగా ఉంటే సీతాబాయికి పిచ్చెక్కేది. ఆ సంవత్సరమే ఆరతి నాన్న పని మానేసి, ఇంట్లో వాడుకునే రేకు ఒవెన్ కూతురికి పంపించాడు. గ్యాసు పొయ్యి మీద పెట్టుకునే పెట్టె అది. రెండు అరలు, ముందు ఒక తలుపు, మసిపట్టిన గాజు. మంగేశ్ దాన్ని చూసి, “గీ డబ్బా ఏంది? పావ్‌వాలీవా నువ్వు?” అని నవ్వాడు. అప్పటికి నవ్వాడు.

సోలాపూర్‌లో బ్రెడ్డును పావ్ అనే అంటాం. ఆరతి చేసింది మామూలు పావ్ కాదు. గోరువెచ్చని పాలలో పంచదార, ఈస్టు కలిపి నురగ వచ్చేదాకా పక్కన పెట్టేది. ఆ పాలు మైదాలో పోసి, వెన్న వేసి, అరగంట పిసికేది. తడిగుడ్డ కప్పి పొంగనిచ్చేది. పొంగిన పిండిని ఉండలు చేసి పూరీలంత వత్తి, మధ్యలో జామపండు పాకం పెట్టి, అంచులు మూసి, మళ్లీ పొంగనిచ్చి, పైన పాలు రాసి కాల్చేది. బజార్లో మెత్తబడిన జామపండ్లు బుట్టకు బుట్ట ఇచ్చేసేవారు. వాటిని ఉడికించి, గింజలు పోయేలా జల్లెడ పట్టి, పంచదారతో దగ్గరికి మరిగించి, నిమ్మరసం పిండేది. కొన్నాళ్లు అంజీరు, మామిడి రోజుల్లో మామిడి. కానీ జనం అడిగింది జామపండుదే.

ఈస్టు అంటే సీతాబాయికి మొదట భయం. గిన్నెలో నురగ కదులుతుంటే దూరం నుంచే చూసింది.

“గిది బతికుంటదా ఏంది?”

“బతికే ఉంటదత్తా. పాలు ఎక్కువ కాగినయనుకో, సచ్చిపోతది.”

“మరి కాల్చినంక?”

“కాల్చినంక సచ్చుడే.”

“పాపం,” అంది సీతాబాయి. ఆరతికి నవ్వొచ్చింది. ఆ ఇంట్లో ఇద్దరూ కలిసి నవ్వడం అదే మొదలని ఆరతి నాతో చెప్పింది.

ఆరతికి ఒక ఇబ్బంది ఉండేది. పది పావ్‌లు కాలిస్తే నాలుగింటికి అంచు విచ్చుకుని పాకం బయటికి కారేది. రేకుకు అంటుకుని మాడి, మొత్తం వాసన పట్టేది. సీతాబాయి రెండు రోజులు చూసి, మూడో రోజు చేతులు కడుక్కుని కూర్చుంది. నలభై అయిదేళ్లుగా రోజుకు వెయ్యి బీడీల మూతులు మడిచిన వేళ్లవి. బొటనవేలితో లోపలికి నొక్కి, చూపుడువేలితో మడత తిప్పి, గోటితో ఒక నొక్కు నొక్కింది. ఒక్క పావ్ కూడా విచ్చుకోలేదు. ఆ రోజు నుంచి అంచులు మూసే పని ఆమెది. పిండిని బండకేసి కొట్టే పనీ ఆమే తీసుకుంది. బండ మీద పిండి పడే చప్పుడు గల్లీ చివరిదాకా వినపడేది.

ఏడాది తిరిగేసరికి అశోక్ చౌక్‌లో రెండు చాయ్ దుకాణాలు వీళ్ల దగ్గరే తీసుకునేవి. మనవరాలు మేఘన బడికి డబ్బాలో పెట్టుకుపోతే పంతులమ్మలు కూడా అడిగి పంపించారు. పక్కింటి పూనం, ఎదురింటి అశ్విని, ఇద్దరూ బీడీలు చుట్టేవాళ్లే, తీరిక దొరికితే వచ్చి జామపండ్లు కోసిపెట్టేవారు.

మంగేశ్‌కు అప్పుడే నవ్వు పోయింది. కార్ఖానాలో సగం సాంచెలు ఆగిపోయాయి. ఉన్న పని కూడా రోజు విడిచి రోజు. భోజనాల వేళ ఒకడు, “నీ పెండ్లాం పావ్ తిన్నా మంగ్యా, మస్తుగుంది,” అన్నాడు. మిగతావాళ్లు నవ్వారు. అతను మంచిగా అన్నాడో, వెకిలిగా అన్నాడో ఎవరికీ తెలియదు. మంగేశ్ అతని గల్లా పట్టుకుని సాంచెకేసి కొట్టాడు. నాలుగు గంటలకు ఇంటికి వచ్చి, రెండోసారి పొంగుతున్న పావ్‌ల పళ్లెం ఎత్తి మోరీలో బోర్లించాడు. చెప్పుల కాళ్లతో తొక్కాడు. అడ్డం వచ్చిన ఆరతి జుట్టు పట్టుకుని గడపకేసి కొట్టాడు. నుదురు చిట్లి నెత్తురు కళ్లలోకి కారింది.

సీతాబాయి లేచి టీవీ సౌండు పెంచింది.

అది జరిగాక నాలుగు నెలల్లో అలాంటివి ఆరేడు. ఒకసారి ఆరతి ఎడమచెవి నుంచి నెత్తురు వచ్చింది, ఇప్పటికీ ఆ చెవి సరిగా వినపడదు. ఒకసారి ఎనిమిదేళ్ల మేఘన తండ్రి చేతిని కొరికింది. అతను విదిలిస్తే పోయి బియ్యం డబ్బా మీద పడి, పెదవి చీల్చుకుంది. ఆ రోజు సీతాబాయి టీవీ దగ్గరికి పోలేదు. కానీ కొడుకు దగ్గరికీ పోలేదు. పిల్లను ఎత్తుకుని పూనం ఇంట్లో కూర్చుంది. “గప్పుడు గూడ నాకు బుద్ధి రాలే,” అని ఆమే అంటుంది.

బుద్ధి వచ్చింది మూడేళ్ల కిందట, ఆగస్టు పద్నాలుగున.

మర్నాడు జెండా పండుగ. మేఘన చదివే బడివాళ్లు పిల్లలకు పంచడానికి రెండు వందల చిన్న పావ్‌లు కావాలన్నారు. అంత పెద్ద పని అంతకుముందు చేయలేదు. అత్తాకోడళ్లు తెల్లవారుజామునే పిండి కలిపారు. పదకొండు గంటలకు మూడో విడత ఒవెన్‌లో ఉంది. ఇల్లంతా జామపాకం వాసన. మేఘన బడిలో కవాతు నేర్చుకోవడానికి పోయింది. సీతాబాయి పీట మీద కూర్చుని ఉండలు వత్తుతోంది. ఆమె చేతిలో బేలన్ మామూలు చపాతీల బేలన్ కాదు. గల్లీ వడ్రంగి పాత మగ్గం కొయ్య చెక్కి చేసిచ్చాడు. మోచేతి అంత లావు.

మంగేశ్ వచ్చాడు. పొద్దున్నే తాగి కార్ఖానాకు పోతే సాంచెల మేస్త్రీ, జాబర్, లోపలికి రానివ్వలేదు. ఇద్దరూ కలబడ్డారు. జాబర్ అతన్ని నలుగురి ముందు రోడ్డు మీదికి తోశాడు. చొక్కా భుజం దగ్గర చినిగి ఉంది. గడప దాటుతూనే బెల్టు విప్పాడు.

ఆరతి ఒవెన్ ముందు గుడ్డ పట్టుకుని నిలబడి ఉంది. బెల్టు చూసింది. ఆమె మొహంలో భయం లేదు, కోపం లేదు. మామూలుగా, పాలవాడితో మాట్లాడినట్టు అంది:

“ఇయ్యాల వద్దు. పిల్లలకు రెండు వందలు ఇచ్చేటివున్నయి. రేపు కొట్టు.”

సీతాబాయి చేతిలో బేలన్ ఆగిపోయింది. ఆ మాటే తన గుండెలో దిగిందని ఆమె చాలాసార్లు చెప్పింది. “నెత్తురు జూసిన, ఏడ్పు విన్న. గవేవి నన్ను లేపలె. కొట్టద్దు అంటలేదు సూడు అది. రేపు కొట్టు అంటుంది. దానికి గా మాట నేర్పింది నేనే గద.”

మంగేశ్‌కు ఆ మాట ఇంకో రకంగా తగిలింది. “నాకు టైం చెప్తవా?” అని అరిచాడు. బెల్టు పారేసి ఆరతి ఎడమ మణికట్టు పట్టుకున్నాడు. రెండో చేత్తో ఒవెన్ తలుపు లాగి, ఆమె చేతిని లోపలికి తోసి, కాలుతున్న రేకు మీద మోచేతి దాకా అదిమాడు. ఆరతి అరుపు మొదట రాలేదు. చర్మం చుయ్‌మన్న చప్పుడు ముందు వచ్చింది, తర్వాత వాసన, ఆ తర్వాత అరుపు.

సీతాబాయి లేచి అతని మోచేతి మీద కొట్టింది. ఎముక విరిగింది. మంగేశ్ పట్టు వదిలి తిరిగి చూశాడు. కొట్టింది అమ్మ అని అతనికి అర్థం కాలేదు. “అమ్మా, పాగల్ అయినవా?” అని మీదికి వచ్చాడు. రెండో దెబ్బ భుజం ఎముక మీద పడింది. మూడోది మోకాలి మీద. కింద పడ్డాడు. పడ్డాక కూడా ఆమె ఆపలేదు. వీపు మీద, నడుం మీద, తొడల మీద, పిండిని బండకేసి కొట్టినట్టు రెండు చేతులతో కొట్టింది. ఆమె నోట్లోంచి ఒక్క తిట్టు రాలేదు. ఊపిరి చప్పుడు తప్ప ఏమీ లేదు. కాలిన చేతిని గుండెకు ఆనించుకుని ఆరతే వచ్చి రెండో చేత్తో ఆమె కొంగు పట్టి లాగింది.

“అత్తా, సస్తడు! ఇడువు!”

“సావనీ,” అంది సీతాబాయి. అంటూనే బేలన్ జారిపోయింది. కొడుకు నోట్లోంచి ఎర్రటి నురగ వస్తోంది. ఆమె గోడకు ఆనుకుని కూలబడింది. ఒవెన్‌లో పావ్‌లు మాడిన పొగ గదినిండా కమ్ముకుంది.

అరుపులకు పూనం, అశ్విని వచ్చారు. ఆటో నడిపే వాసుదేవ్ ఆరతిని, సీతాబాయిని సర్కారు దవాఖానాకు తీసుకుపోయాడు. మంగేశ్‌ను నలుగురు మగవాళ్లు ఇంకో ఆటోలో వేశారు. తీసుకుపోయింది వేరువేరుగానే అయినా దవాఖానాలో పక్కపక్క మంచాల మీదే పడుకోబెట్టారు. మధ్యలో తెర కూడా లేదు.

డాక్టరు మంగేశ్‌ను మరాఠీలో అడిగాడు, ఏమైందని. “జిన్యావరూన్ పడలో,” అన్నాడు మంగేశ్. మెట్ల మీంచి పడ్డానని. తల్లి చేతిలో దెబ్బలు తిన్నానని చెప్పుకోవడం కన్నా చావడం నయమనుకున్నాడు. డాక్టరు ఆరతి వైపు తిరిగాడు. ఆరతి నోరు అలవాటు కొద్దీ తెరుచుకుంది. “పావ్‌లు తీస్తుంటే చెయ్యి...”

“కాదు,” అంది సీతాబాయి.

డాక్టరుకు తెలుగు రాదు. పక్కనున్న నర్సు మనీషాకు వచ్చు, ఆమెదీ మా గల్లీలే. సీతాబాయి ఆమె వైపు చూస్తూ ఒక్కొక్క మాటా విడివిడిగా చెప్పింది. “నా కోడలు చెయ్యి నా కొడుకు కాల్చిండు. పట్టుకొని అదిమిండు. నేను జూసిన. నా కొడుకు మెట్ల మీదకెల్లి పడలె. నేను కొట్టిన. బేలన్‌తోటి. గిది గూడ రాయమను. రెండూ రాయమను.”

మనీషా ఆమె చెవి దగ్గరికి వంగి, “రెండోది ఎందుకు చెప్తవు మావశీ? పోలీసులు నీ మీద గూడ కేసు పెడ్తరు,” అంది.

“పెట్టనీ. ఒకటి దాస్తె రెండోది గూడ అబద్దమంటరు.”

రెండు కేసులూ పెట్టారు. మంగేశ్ మీద ఒకటి, సీతాబాయి మీద ఒకటి. బడికి పావ్‌లు అందలేదు. పిల్లలకు బిస్కెట్లు పంచారట.

పదో రోజున కులపెద్దలు ముగ్గురు ఇంటికి వచ్చారు. అందరికన్నా పెద్దాయన సిద్ధరాములు, తెల్లటోపీ, చేతిలో గొడుగు. మల్లేశానికి దూరపు అన్న. కుర్చీలో కూర్చుని చాయ్ తాగాడు. ఆ తర్వాత మెల్లగా మొదలుపెట్టాడు.

“సీతా, ఇంటి మాట పోలీసు చౌకీల పెట్టినవు. తప్పు వాడిదే, కాదంటలేను. గానీ కొడుకును జైలుకు తోలిన తల్లి లోకంల ఉంటదా? తక్రార్ ఎనక్కి తీసుకో. నీ మీది కేసు గూడ తీసేపిస్తం. సమాజ్‌ల కూసోబెట్టి వానితో మాఫీ అడిగిపిస్తం.”

సీతాబాయి నిలబడే మాట్లాడింది. “సిద్ధరాములన్నా, నాకు పెండ్లయి నలభై ఏండ్లయింది. నీ ఇల్లు గీడికి పది అడుగులు. నా పండ్లు ఊడినయి, నా పక్కటెముక విరిగింది, కడుపుల పిండం పోయింది. గప్పుడు ఒక్కనాడన్న వచ్చి గీ కుర్చీల కూసున్నవా?”

సిద్ధరాములు గ్లాసు కింద పెట్టాడు.

“మల్లేశం బతికున్నప్పుడు నువ్వు వచ్చి ఒక్క మాట అంటే, నా కొడుకు గడపల నిలవడి చూసెటోడు, వాడు గూడ వినెటోడేమో. ఇప్పుడొచ్చినవు. వాని చెయ్యి ఇరిగినంక వచ్చినవు.”

పెద్దలు లేచి వెళ్లిపోయారు. ఆ తర్వాత కొన్నాళ్లు కులంలో పెళ్లిళ్లకు ఆ ఇంటికి పిలుపు రాలేదు. చాలామంది ఆడవాళ్లు కూడా ఆమె ఎదురుపడితే తల తిప్పుకునేవారు. కన్నకొడుకు ఎముకలు విరగ్గొట్టిన మనిషి. నేనూ మొదట కొన్నాళ్లు ఆ దారిన పోలేదు. ఆ సంగతి నాకు ఇప్పటికీ సిగ్గే.

మంగేశ్‌కు జామీను దొరికింది. ఇంటి దరిదాపుల్లోకి పోకూడదని షరతు పెట్టారు. అక్టోబరులో ఒక శనివారం మధ్యాహ్నం మూడు గంటలకు, ఒక చేతికి పట్టీ, రెండో చేతిలో ఇనుప పైపుతో వచ్చాడు. వెంట ఇద్దరు స్నేహితులు. మొదటి దెబ్బ ఒవెన్ మీద. గాజు పగిలి పిండి గిన్నెల్లో పడింది. రెండోది గ్యాసు పొయ్యి మీద. ఆరతి అడ్డం వస్తే స్నేహితుల్లో ఒకడు చెంప మీద కొట్టి, గాజుపెంకుల మీదికి తోశాడు. సీతాబాయి బేలన్ కోసం చూసింది. అది పోలీసులు తీసుకుపోయారు. ఒట్టి చేతులతో కొడుకు మీదికి పోయింది. ఆ స్నేహితుడే ఆమె పొట్టలో తన్నాడు. కింద పడ్డాక పక్కలో ఇంకో తన్ను. రెండు ఎముకలు విరిగాయి.

ఈసారి ఎవరూ టీవీ సౌండు పెంచలేదు. మేఘన గల్లీలోకి పరుగెత్తి కేకలు పెట్టింది. గడపల ముందు చాటలు పెట్టుకుని కూర్చున్న ఆడవాళ్లు ఒళ్లో ఆకు దులుపుకుని లేచారు. పదిహేను మంది ఉంటారు. చెప్పులు, చీపుర్లు, చాటలు, ఒకరి చేతిలో ఆకు కత్తెర. అశ్విని ఆ కత్తెర గుచ్చితే తన్నినవాడి తొడలోంచి నెత్తురు చిమ్మింది. వాడు కుంటుకుంటూ పారిపోయాడు, రెండోవాడు వాడి వెనకే. మంగేశ్ దొరికిపోయాడు. పట్టీ కట్టిన చెయ్యి పట్టుకుని గల్లీలోకి ఈడ్చారు. పూనం అతని గుండెల మీద కూర్చుని మొహం మీద చెప్పుతో కొట్టింది. మిగతావాళ్లు ఎక్కడ సందు దొరికితే అక్కడ కొట్టారు. ఆ దెబ్బల్లో ఆరతివి ఎన్నో, ఎవరి సొంత దెబ్బలు ఎన్నో చెప్పలేం. కేకలు విని పరుగెత్తుకొచ్చినదాన్ని, నేనూ ఒకటి వేశాను.

సీతాబాయి పాకుతూ గడప దాకా వచ్చింది. పూనం లేచాక మంగేశ్ పక్కకు ఒరిగి, మోకాళ్లు గడ్డానికి ఆనించుకుని, చెవులు మూసుకుని ఉన్నాడు. ముప్పై ఆరేళ్లవాడు. ఆమె అలాగే పాకుతూ వెళ్లి అతని తల మీద చెయ్యి పెట్టింది. ఆడవాళ్లు ఆగారు. ఎవరూ ఆపమనలేదు, ఆమె కూడా అనలేదు.

మంగేశ్ కళ్లు తెరిచి ఆ చెయ్యి ఎవరిదో చూశాడు. తల విదిలించి తోసేశాడు. నోట్లోని నెత్తురు ఆమె చీర మీద ఉమ్మాడు.

కోర్టులో కేసు రెండేళ్లకు పైగా నడిచింది. సీతాబాయి ప్రతి తేదీకి పోయింది. మంగేశ్ వకీలు ఆమెను నిలబెట్టి, “కన్నకొడుకును చావగొట్టిన నీ మాట ఎందుకు నమ్మాలి?” అని అడిగాడు. “నేను కొట్టింది గూడ నేనే చెప్పిన గద సాబ్. మరి గదెట్ల నమ్మినవు?” అంది. ఇంకో ప్రశ్న వేశాడు: “కోడల్ని కొడుతున్నప్పుడు అంతకుముందు ఎన్నిసార్లు ఆపావు?” ఆమె ఆరతి వైపు చూసింది. “ఒక్కసారి గూడ ఆపలే,” అంది. టీవీ సంగతి కూడా చెప్పింది. ఎవరూ అడగకుండానే చెప్పింది. ఆరతి బల్ల మీద కూర్చుని తల దించుకుని ఏడ్చింది.

కోడల్ని కాపాడబోయి కొట్టిందని సీతాబాయి మీద కేసు కొట్టేశారు. మంగేశ్‌కు మూడేళ్లు పడింది. జైలుకు పోయాక ఆమె ఒకసారి చూడటానికి వెళ్లింది. గంటన్నర కూర్చుంది. మంగేశ్ బయటికి రానన్నాడని జవాను వచ్చి చెప్పాడు. ఆమె బస్సెక్కి వచ్చేసింది. మళ్లీ పోలేదు. కొన్ని రోజులు అన్నం ముందు కూర్చుని ఏమీ తినకుండా లేచిపోతుంది. ఆరతి బలవంతపెట్టదు.

ఆరతి చేతి చర్మం ముడుచుకుపోయి మోచెయ్యి పూర్తిగా చాపడం రాదు. పిండి పిసకడం మొత్తం ఇప్పుడు సీతాబాయిదే. పక్కటెముకలు వానాకాలం నొప్పి పెడతాయి, అయినా పిసుకుతుంది. భివండీ నుంచి ఆరతి తమ్ముడు ఋషికేశ్ ఒక పాత కరెంటు ఒవెన్ తెచ్చిపెట్టాడు. కరెంటు పోతే పిండి పుల్లబడుతుందని ఇద్దరూ తిట్టుకుంటారు. జామపండ్లు, అంజీరు ఉడికించే రోజుల్లో పూనం, అశ్విని వస్తారు. చాయ్ దుకాణాలవాళ్లు కూడా మళ్లీ తీసుకుపోతున్నారు.

కథ ఇక్కడితో ఆపేద్దామనుకున్నాను. కానీ మొన్న జరిగింది చెప్పకపోతే సీతాబాయిని సగమే చెప్పినట్టు.

మేఘనకు ఇప్పుడు పదకొండేళ్లు. బడి నుంచి పిలుపు వచ్చింది. తన తరగతి పిల్ల సోనాలిని స్టీలు అన్నం డబ్బాతో మొహం మీద కొట్టింది. పై పెదవి చీలి మూడు కుట్లు పడ్డాయి. సీతాబాయి వెళ్లేసరికి మేఘన ఆఫీసు గది బయట గోడకు ఆనుకుని నిలబడి ఉంది. ఏడవడం లేదు.

“ఎందుకు కొట్టినవు?”

“మా పప్పా జైల్ల ఉన్నడని నవ్వింది.”

“నవ్వితె?”

“నవ్వితె కొట్టిన.” పిల్ల తల ఎత్తింది. “నువ్వు గూడ కొట్టినవు గద బాపమ్మా. పప్పాను.”

సీతాబాయి ఆ పిల్ల భుజం మీద చెయ్యి వేసింది. “అవును, కొట్టిన,” అంది. తను చేసింది వేరు, నువ్వు చేసింది వేరు అని చెప్పడానికి నోరు తెరిచి, మానుకుంది. మేఘన చెయ్యి పట్టుకుని బడి దాటించి, రెండు రోడ్లు అవతల ఉన్న సోనాలి ఇంటికి నడిపించింది.

తలుపు తీసిన సోనాలి తల్లి వీళ్లను చూసి మండిపడింది. నోటికొచ్చినట్టు తిట్టింది. మీ వంశమే కొట్టే వంశమంది. సీతాబాయి ఎదురు చెప్పలేదు. తిట్లు అయిపోయాక, “ఒక్కసారి నీ బిడ్డను చూడనియ్యి అమ్మా. మాఫీ తర్వాత అడుగుతం. ముందుగాల చూడనియ్యి,” అంది.

సోనాలి మంచం మీద పడుకుని ఉంది. పెదవి వాచి ముక్కు దాకా లేచింది. నల్లదారం కుట్లు మూడూ బయటికి కనిపిస్తున్నాయి. మేఘన గడపలోనే ఆగిపోయి, తల పక్కకు తిప్పుకుంది. సీతాబాయి ఆమె గడ్డం పట్టుకుని మెల్లగా మంచం వైపు తిప్పింది.

“సూడు. కండ్లు మూసుకోకు. దగ్గరికి పోయి సూడు.”

మేఘన ఒక అడుగు వేసింది. ఇంకో అడుగు వేసింది. మంచం పక్కన నిలబడి ఆ కుట్లను చూసింది. సోనాలి భయపడి గోడ వైపు జరిగింది. అలా జరగడం చూసి మేఘన కింద కూర్చుండిపోయి ఏడవడం మొదలుపెట్టింది. సోనాలి తల్లి అరవడం ఆపింది. సీతాబాయి ఇద్దరు పిల్లల మధ్య నేల మీద కూర్చుంది.